చెరువు గట్టు మీద సైరనూ, ఒంట్లో ఆక్సిజనూ

భీమవరం దగ్గర మా నాన్న రొయ్యల చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోటారు స్టార్టర్ పక్కన ఒక సైరన్ బిగించి ఉంది. కరెంటు ఉన్నంతసేపూ అది కిక్కురుమనదు. కరెంటు పోయిందంటే మాత్రం పక్క చెరువులవాళ్లు కూడా మంచాల మీద లేచి కూర్చోవాల్సిందే. మొన్న వేసవిలో అది మోగడం మానేస్తే, మెకానిక్ వచ్చేలోగా డబ్బా మూత నేనే విప్పాను. లోపల పెద్దగా ఏమీ లేదు. ఒక బ్యాటరీ, ఒక హారన్, వాటి మధ్య అగ్గిపెట్టెలో సగం ఉండే రిలే. రిలేలో ఒక రాగి తీగ చుట్ట. కరెంటు ఉన్నప్పుడు ఆ చుట్ట అయస్కాంతమై చిన్న ఇనప రేకుని తన వైపు లాగి పట్టుకుంటుంది. కరెంటు పోగానే ఆ పట్టు సడలుతుంది, స్ప్రింగు రేకుని వెనక్కి లాగేస్తుంది, హారన్ బ్యాటరీకి కలుస్తుంది.

అంటే, కరెంటు పోయిందని ఎవరో చూసి, ఆలోచించి, మీట నొక్కడం లేదు. ఆ హారన్ ఎప్పుడూ మోగడానికి సిద్ధంగానే ఉంది. దాని నోరు నొక్కి పెట్టింది కరెంటే.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఇరవై ఏళ్లుగా "హీమోగ్లోబిన్ అంటే ఆక్సిజన్ మోసే లారీ" అని బోర్డు మీద లారీ బొమ్మ వేసి మరీ చెప్పాను. ఊపిరితిత్తుల దగ్గర లోడు, కండరాల దగ్గర అన్‌లోడు. పిల్లలకి అర్థమవుతుంది, మార్కులొస్తాయి, నాకూ పని తేలిక. ఆ డబ్బా మూత విప్పిన రోజు నుంచి ఆ లారీ బొమ్మ మీద నాకు విసుగు పుట్టింది. ఆక్సిజన్‌ని పట్టుకునే ప్రొటీన్ల గురించి మనం చెప్పుకునేదంతా పట్టుకోవడం గురించే. ఎంత మోస్తాయి, ఎన్ని గ్రాములున్నాయి, ఎంత శాతం నిండాయి. కానీ ఆక్సిజన్ తగ్గినప్పుడు జంతువుని బతికించేది ఆ పట్టు కాదు, ఆ పట్టు ఎక్కడ సడలుతుంది, సడలిన సంగతి ఎవరికి తెలుస్తుంది అన్నది. ఈ మాట కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ముందు చెరువు. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో నిండా కరిగినా ఏడున్నర మిల్లీగ్రాములే, ఉప్పు కలిస్తే ఇంకొంచెం తక్కువ. రొయ్య బతుకంతా ఆ పిసరులోనే. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే అదే ప్లాంక్టన్ రొయ్యతో పోటీపడి దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువు బాగా నీరసించి ఉంటుంది. డీఓ, అంటే లీటరు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మిల్లీగ్రాములు, 4 కిందకి దిగితే ఫోన్లు మొదలు, 3 దగ్గర టెన్షన్, 2 అంటే గట్టు మీద పరుగులే. అప్పటికి రొయ్య అడుగు వదిలి నీటి పైకొచ్చి అంచుల వెంట తిరుగుతుంటుంది. "మాస్టారండీ, రొయ్య తేలిందండీ" అని కాపలా అతను ఫోన్ చేశాడంటే ఆ రోజుకి నిద్ర అయిపోయినట్టే.

అలాంటి ఒక ఉదయం, గండం గడిచాక, ల్యాబ్ కుర్రాడు పరీక్ష కోసం ఒక రొయ్య పొట్ట వైపు సన్నటి సిరంజి గుచ్చి రక్తం తీశాడు. రక్తం అన్నానుగానీ చూస్తే నీళ్లలాగే ఉంది. నాలుగు చుక్కలు తెల్ల పింగాణీ పళ్లెంలో వేసి వదిలేశాడు. కాసేపటికి అంచుల దగ్గర నుంచి లేత నీలం పాకింది, ఉతికిన తెల్లచొక్కాకి నీలిమందు ఒక పిసరు ఎక్కువైనట్టు. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ని పట్టేది ఇనుము కాదు, రాగి. ఆ ప్రొటీన్ పేరు హీమోసయనిన్. రెండు రాగి పరమాణువులు ఒక ఆక్సిజన్ అణువుని మధ్యలో ఇరికించుకున్నప్పుడు ఆ నీలం వస్తుంది, వదిలేస్తే పోతుంది. పళ్లెంలో నీలం తేలిందంటే, సిరంజిలోకి వచ్చేసరికి అది చాలావరకు ఖాళీగా ఉందని. నాకు ఆ నీలం కన్నా ముందున్న రంగులేనితనమే బాగా గుర్తుండిపోయింది. ఒంటికి ఇవ్వాల్సింది ఇచ్చేసి వచ్చిన రక్తం అది.

ఇలాంటిదే 1938లో ప్రేగ్‌లో ఫెలిక్స్ హౌరోవిట్జ్ మైక్రోస్కోపు కింద చూశాడు. గుర్రం హీమోగ్లోబిన్ స్ఫటికాలు కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉండిపోయాయి. ఎర్రటి సూదుల్లా ఉండాల్సినవి ఊదారంగు ఆరుపలకల బిళ్లలుగా మారాయి. బ్యాక్టీరియా చేరి ఆక్సిజన్ అంతా తినేసింది. ఆ బిళ్లల్ని గాజు పలక మీద పెట్టి చూస్తుంటే, పక్కల నుంచి గాలి దూరిన కొద్దీ బిళ్లలు కరిగిపోయి మళ్లీ ఎర్రటి సూదులు పుట్టుకొచ్చాయి. మామూలుగా స్ఫటికం లోపలికి ఏదైనా చిన్న అణువు చేరితే అది అందులో ఇమిడిపోతుంది, స్ఫటికం పగలదు. ఇక్కడ పగిలిందంటే ఆక్సిజన్ తగలగానే హీమోగ్లోబిన్ తన ఆకారమే మార్చుకుంటోందని అర్థం. మాక్స్ పెరూట్జ్ జీవితం ఆ మార్పు వెంట పడటంలోనే గడిచింది. కండరాల్లో ఆక్సిజన్ దాచే మయోగ్లోబిన్ ఆకారం తేల్చిన జాన్ కెండ్రూతో కలిసి 1962లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన హీమోగ్లోబిన్‌ని వదల్లేదు.

చివరికి తేలింది ఏమిటంటే, హీమోగ్లోబిన్‌లో నాలుగు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుని ఉంటాయి. ఒక ముక్క ఆక్సిజన్ అందుకుంటే దానిలోని ఇనుము ఒక మిల్లీమీటరులో కోటో వంతు కన్నా తక్కువ దూరం జరుగుతుంది. ఆ కాస్త కదలికకే బిగువు సడలి మిగతా ముక్కలకి ఆక్సిజన్ పట్టడం తేలికవుతుంది. దిగేటప్పుడూ అంతే, ఒకటి వదిలితే మిగతావి వదలడానికి సిద్ధమవుతాయి. పైగా కష్టపడే కండరం దగ్గర కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, వేడి ఎక్కువ. ఆ మూడూ హీమోగ్లోబిన్ పట్టుని ఇంకా సడలిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ సంగతి 1904లో క్రిస్టియన్ బోర్ బృందం కనిపెట్టింది (పరమాణు నమూనా నీల్స్ బోర్ వాళ్ల నాన్నే ఈయన, మా పిల్లలకి ఈ ముక్క చెబితే పాఠం కన్నా ఇదే గుర్తుంటుంది). అవసరం ఎక్కడుందో అక్కడ చెయ్యి వదులవుతుందన్నమాట. ఏ లారీ కూడా ఆకలి ఎక్కువున్న వీధి చూసి తనంతట తాను డాలా తెరవదు.

దీనికి అంకెలు ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం పాదరసం లెక్కలో 100 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. హీమోగ్లోబిన్ సగం ఖాళీ అయ్యేది 27 దగ్గర. కండరాల్లో ఉండే దాని చిన్న చుట్టం మయోగ్లోబిన్ సగం ఖాళీ అవ్వాలంటే 2, 3 దాకా పడిపోవాలి. పట్టుకోవడమే గొప్ప అయితే మయోగ్లోబిన్ హీమోగ్లోబిన్‌ని ఎప్పుడో ఓడించింది. కానీ ఒక మనిషి రక్తంలో హీమోగ్లోబిన్‌ని తీసేసి మయోగ్లోబిన్ నింపామనుకోండి. రక్తం నిండుగానే తిరుగుతుంది, మనిషి మాత్రం ఆక్సిజన్ అందక పోతాడు. గ్యాస్ గీజరున్న బాత్రూముల్లో కార్బన్ మోనాక్సైడ్ చేసేది సగం ఇదే. కొన్ని సీట్లు అది ఆక్రమించుకోవడం ఒకటి, మిగిలిన సీట్లలోని ఆక్సిజన్ కూడా దిగకుండా హీమోగ్లోబిన్ పట్టు బిగించడం రెండోది. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు.

2021 మే నెలలో మన ఇళ్లలో అందరి వేళ్లకీ ఆక్సిమీటర్ ఉంది. మా బాబాయికి 97 నుంచి 94కి, తర్వాత 91కి దిగింది. "ఆరే కదరా తగ్గింది, నూటికి తొంభై ఒకటి అంటే డిస్టింక్షనే" అని ఆయన జోకు. నేను నవ్వలేదు. ఏ పీడనం దగ్గర హీమోగ్లోబిన్ ఎంత శాతం నిండుతుందో చూపే గీత ఎస్ అక్షరంలా ఉంటుంది. పైభాగం బల్లపరుపు, 90 కిందకి దిగాక జారుడుబండ. 97 నుంచి 91 దాకా వచ్చేసరికే ఊపిరితిత్తుల్లో పీడనం చాలా పడిపోయి ఉంటుంది, అంకె మాత్రం ఆ సంగతి దాచిపెడుతుంది. 90 దగ్గర పీడనం 60. అక్కడి నుంచి చిన్న దెబ్బకే శాతం జారిపోతుంది. ఆయన్ని ఆ రాత్రే చేర్పించాం, దేవుడి దయ వల్ల వారానికి తిరిగొచ్చారు.

అదే ఆక్సిమీటర్ ఇంకోసారి ఇంకో రకంగా మోసం చేసింది. మా అక్కకి మెట్లెక్కితే ఆయాసం. వేలికి పెడితే 99. "నీకేం లేదు, ఊరికే కంగారు" అన్నారు ఇంట్లో. రక్తపరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 7. ఉన్న కాసిన్ని అణువులూ నిండుగానే ఉన్నాయి, అందుకే 99. అసలు అణువులే సగం లేవు. ఆ సంగతి ఆక్సిమీటరుకి తెలియలేదు, మా ఇంట్లోవాళ్లకి తెలియలేదు. ఆవిడ మూత్రపిండాలకి మాత్రం నెలల ముందే తెలిసిపోయి ఉంటుంది.

ఎలా తెలుస్తుంది? అసలు కథ ఇక్కడుంది.

మూత్రపిండాల్లో కొన్ని కణాలు తమ దాకా వచ్చే ఆక్సిజన్ తగ్గితే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్ వదులుతాయి. దాన్ని ముద్దుగా ఈపీఓ అంటారు. అది ఎముక మజ్జకి చేరి ఎర్ర రక్తకణాల తయారీ పెంచమంటుంది. ఇంతవరకూ పాత సంగతే. ఆ కణానికి ఆక్సిజన్ తగ్గిందని చెప్పేది ఎవరు అన్నది చాలాకాలం చిక్కుముడి. 1988లో అమెరికాలో గోల్డ్‌బర్గ్, డన్నింగ్, బన్ అనే ముగ్గురు ఒక జవాబు ప్రతిపాదించారు. కోబాల్ట్ లవణం కలిపితే కణాలు ఆక్సిజన్ ఉన్నా లేదనుకుని ఈపీఓ తయారుచేస్తున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ పెడితే ఆక్సిజన్ లేకపోయినా ఉందనుకుని తగ్గిస్తున్నాయి. కాబట్టి ఆ గ్రాహకం హీమోగ్లోబిన్ జాతి ప్రొటీనే అయ్యుండాలి, ఆక్సిజన్ పట్టుకుంటే ఒక ఆకారం, వదిలితే ఇంకో ఆకారం అని. చాలా తెలివైన ప్రయోగాలు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ జవాబు అది కాలేదు.

వాళ్లని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆక్సిజన్ అనగానే మన బుర్ర పట్టుకునేదాన్నే వెతుకుతుంది. పట్టుకుని మళ్లీ తిరిగిచ్చేది ఒకటుంటుందనుకుంటాం. తినేసేది ఉంటుందనుకోం.

1992లో గ్రెగ్ సెమెంజా బృందం ఈపీఓ జన్యువుకి అతుక్కునే ఒక ప్రొటీన్‌ని పట్టుకుంది. ఆక్సిజన్ తగ్గితేనే అది కనిపిస్తుంది. హిఫ్ అని పేరు పెట్టారు. వింత ఏమిటంటే హిఫ్‌లోని ఆల్ఫా భాగాన్ని కణం ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు, తయారైన కొన్ని నిమిషాలకే దాన్ని నరికి పారేస్తుంది. 2001లో విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్ బృందాలు విడివిడిగా ఒకేసారి ఈ గుట్టు విప్పాయి. పీహెచ్‌డీ అనే ఎంజైమ్ (డాక్టరేటుకీ దీనికీ సంబంధం లేదు, క్లాసులో నవ్వులు గ్యారంటీ) ఆక్సిజన్ అణువుని తీసుకుని రెండుగా చీలుస్తుంది. ఒక పరమాణువుని హిఫ్ మీదున్న ప్రోలీన్ అనే అమైనో ఆమ్లానికి అంటిస్తుంది, రెండోది వేరే చిన్న అణువులోకి పోతుంది. ఆ అంటించిన గుర్తు చూసి వీహెచ్ఎల్ అనే ఇంకో ప్రొటీన్ హిఫ్‌ని చెత్తబుట్టకి పంపుతుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ మిగిలిపోతుంది, కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువుల్ని తట్టి లేపుతుంది.

మా షెడ్డులో రిలే గుర్తొచ్చిందా? హారన్ ఎప్పుడూ మోగాలనే ఉంటుంది, దాన్ని ఆపుతున్నది కరెంటు. హిఫ్ ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది, దాన్ని చంపుతున్నది ఆక్సిజన్. 2019లో ఆ ముగ్గురికీ నోబెల్ వచ్చినప్పుడు, 1992లో రాట్‌క్లిఫ్‌కి ఒక పెద్ద పత్రిక నుంచి వచ్చిన తిరస్కరణ ఉత్తరం సోషల్ మీడియాలో బాగా తిరిగింది. పరీక్ష తప్పిన పిల్లలకి చూపించడానికి దాచుకున్నాను.

కోబాల్ట్ చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. పీహెచ్‌డీ గుండెలో ఉన్నదీ ఇనుమే, కాకపోతే హీమోగ్లోబిన్‌లోలా హీమ్ అనే పళ్లెంలో కూర్చున్న ఇనుము కాదు. కోబాల్ట్ వచ్చి దాని పనిని చెడగొడుతుంది, హిఫ్ బతికిపోతుంది. ఒకప్పుడు రక్తహీనతకి కోబాల్ట్ మందుగా ఇచ్చేవారు. పనిచేసేది కూడా, విషం కూడా అయ్యేది. ఎందుకు పనిచేసిందో దశాబ్దాల తర్వాత తెలిసింది.

దీన్ని చెప్పినప్పుడల్లా ఒక తెలివైన పిల్లో పిల్లాడో అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, తయారుచెయ్యడం ఎందుకు, పారెయ్యడం ఎందుకు? దండగ కదా? అవసరమైనప్పుడే తయారుచేసుకోవచ్చుగా?" దండగే. ప్రొటీన్ తయారీకి ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టే శక్తి అణువు, కావాలి, దాన్ని నరకడానికీ కావాలి. (ఆ ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవాళ్లలో మా భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ మాట చెప్పకుండా ఈ పాఠం దాటడం నావల్ల కాదు.) కానీ ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి, లేకపోతే రెండే. సరిగ్గా ఆ కరువులో కూర్చుని సైరన్ తయారుచేసుకోమంటే ఏ కణానికి సాధ్యం? కరెంటు పోయాక వెల్డింగ్ షాపు కోసం వెతికినట్టుంటుంది. నిమిషానికింత దండగ చేయడమే అసలు పొదుపు అని నేను పిల్లలతో వాదిస్తాను. సగం మంది ఒప్పుకుంటారు.

ఇంకో సూక్ష్మం ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పీహెచ్‌డీకి ఆక్సిజన్ మీద పట్టు చాలా బలహీనం. అది సగం వేగంతో పనిచెయ్యడానికే మన కణజాలాల్లో మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అంటే అది జీవితంలో ఎప్పుడూ కడుపునిండా తినదు. చూడ్డానికి లోపంలా ఉంది. కానీ పెళ్లి బంతిలో ఆకలితో కూర్చున్నవాడే వడ్డన తగ్గితే ముందు పసిగడతాడు. మయోగ్లోబిన్‌ని కాపలా పెడితే, పీడనం 40 నుంచి 20కి పడినా దానికి చీమ కుట్టినట్టు ఉండదు, అప్పటికీ అది నిండే ఉంటుంది. పీహెచ్‌డీకి ఆక్సిజన్ ఎంత తగ్గితే పని అంత తగ్గుతుంది. గట్టి పట్టున్న ప్రొటీన్ గోదాముకి పనికొస్తుంది, మధ్యస్థంగా ఉన్నది రవాణాకి, పట్టు లేనిది కాపలాకి. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి రెండిటికే చోటుంది.

సైరన్ మోగాక ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు పుస్తకం కన్నా మా నాన్నే సుళువు. డీఓ పడగానే ఆయన రెండు రకాల పనులు చేస్తాడు. జనరేటర్ తిప్పి ఏరేటర్లు వేస్తాడు, ఇంకో పక్క ఉదయం మేత ఆపేస్తాడు. తిన్న రొయ్యకి అరిగించుకోవడానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి కనుక. సరఫరా పెంచు, వాడకం తగ్గించు. హిఫ్ లేపే జన్యువులు కూడా ఈ రెండు గుంపులే. ఈపీఓ ఎర్రకణాలు పెంచుతుంది, వీఈజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ కొత్త రక్తనాళాలు వేయిస్తుంది. ఇది ఏరేటర్ల వైపు. ఇంకో పక్క గ్లూకోజుని ఆక్సిజన్ లేకుండానే విరిచే ఎంజైములు పెరుగుతాయి, ఆక్సిజన్ వాడుకునే మైటోకాండ్రియాలోకి వెళ్లే ఇంధనానికి గేటు పడుతుంది. ఇది మేత ఆపడం. అయితే ఈ రెండూ ఒకే వేగంతో జరగవు. ఇంధనం దారి మళ్లడం గంటల పని, రక్తం పెరగడం రోజులు, వారాల పని. ఆ లోపు సెకన్లలో ఊపిరి వేగం పెంచేది మెడలోని కెరోటిడ్ బాడీ. దాని కథ వేరే.

గోదాముకీ సైరనుకీ సంబంధం ఏమిటో ఎలుకలు చూపించాయి. 1998లో మయోగ్లోబిన్ జన్యువు తీసేసిన ఎలుకల్ని తయారుచేశారు. గుండె ఆగిపోతుందనుకుంటాం. అవి బతికాయి, పిల్లల్ని కన్నాయి, పరిగెత్తాయి కూడా. తర్వాత చూస్తే వాటి గుండెలో సన్నటి రక్తనాళాలు దట్టంగా పెరిగి ఉన్నాయి. గోదాము లేని చోట ఇంటింటికీ సందు రోడ్డు వేసుకున్నాయన్నమాట. మయోగ్లోబిన్ పనికిరానిదని దీని అర్థం కాదు. నీళ్లలో మునిగే తిమింగలాల కండరాల్లో అది ఎంత ఉంటుందంటే మాంసం నల్లగా కనిపిస్తుంది. అంత కిక్కిరిసినా ముద్దకట్టకుండా ఉండటానికి వాటి మయోగ్లోబిన్ పైభాగం మీద ధనావేశం ఎక్కువ, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గంట సేపు ఊపిరి బిగబట్టే జంతువుకి గోదాము కావాలి. ఎలుకకి లేకపోయినా గడిచింది, ఎందుకంటే లేని సంగతి కనిపెట్టేది ఒకటి లోపల ఉంది.

కనిపెట్టడం, పట్టుకోవడం ఒకదాన్నొకటి ఎలా తోస్తాయో కళ్లారా చూడాలంటే డాఫ్నియా చాలు. ఆవగింజంత నీటి జీవి, పారదర్శకంగా ఉంటుంది. ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలో కొన్ని రోజులుంచితే ఎర్రబడుతుంది. హిఫ్ దాని హీమోగ్లోబిన్ జన్యువుల్ని లేపుతుంది, కొత్తగా వచ్చే హీమోగ్లోబిన్‌కి పట్టు కూడా ఎక్కువ. డాఫ్నియా దొరక్కపోతే, చాన్నాళ్లుగా కడగని నీళ్ల సంపు అడుగున చూడండి. బురదలో మెలికలు తిరిగే ఎర్రటి పురుగులుంటాయి. చాలామంది వాటిని చూసి అసహ్యించుకుంటారు, మా ఆవిడతో సహా. ఆ ఎరుపు హీమోగ్లోబినే. పురుగుల్లో చాలావాటికి అది ఉండదు. ఊపిరాడని బురదలో ఉండాల్సిన వీటికి ఉంది.

"మరి మనిషికీ హీమోగ్లోబిన్ పెంచుకుంటే పోలా?" అని మీరు అడగొచ్చు. మన ఇళ్లలో బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు, నువ్వులుండలు అన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి. మా అక్కలాంటి వాళ్లకి అది నూటికి నూరుపాళ్లు నిజం. ఇనుము తక్కువైతే మందు వాడి పెంచుకోవాల్సిందే. కానీ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది తప్పు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద ఉండేవాళ్లలో హీమోగ్లోబిన్ బాగా పెరుగుతుంది, కొందరిలో రక్తం చిక్కబడి తలనొప్పులు, గుండె జబ్బుల దాకా వెళుతుంది. దాదాపు అంతే ఎత్తులో ఉండే టిబెటన్లలో సముద్ర మట్టం మీదుండే మనలాంటి అంకెలే కనిపిస్తాయి. 2010లో దాని కారణం తెలిసింది. వాళ్లలో హిఫ్‌లో ఒక రకాన్ని తయారుచేసే ఈపాస్1 జన్యువు రూపం వేరు, సైరన్ శబ్దం కాస్త తగ్గించినట్టు. 2014లో ఇంకో సంగతి తేలింది, ఆ జన్యువు డెనిసోవన్లు అనే అంతరించిన మానవ జాతి నుంచి వచ్చిందని. నాలుగు వేల మీటర్ల ఎత్తులో బతకడానికి వాళ్లకి కలిసొచ్చింది ఎక్కువ హీమోగ్లోబిన్ కాదు, దాన్ని అతిగా పెంచనివ్వని సైరన్.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాలు చెడిపోయినవాళ్ల సంగతి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ మాటే అందరూ వింటారు, రక్తం తగ్గిపోవడం గురించి తక్కువ వింటారు. మూత్రపిండం చెడితే మురికి వడకట్టడం ఒక్కటే ఆగదు, ఈపీఓ కూడా తగ్గిపోతుంది. గొంతులో పలుకే తగ్గిన సైరన్. 1989 నుంచి ఈపీఓని ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. ఇప్పుడు మాత్రలు వచ్చాయి. అవి చేసేది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. పీహెచ్‌డీ ఎంజైముని ఆపేస్తాయి. ఆక్సిజన్ ఉన్నా లేదని కణాన్ని నమ్మిస్తాయి. హిఫ్ లేస్తుంది, మిగిలిన కణాలు, కాలేయం కలిసి ఈపీఓ తయారుచేస్తాయి. ఇలాంటి మొదటి మందుకి 2018 చివర్లో చైనాలో అనుమతి వచ్చింది, మన దేశంలో తయారైన డెసిడుస్టాట్‌కి 2022 మార్చిలో. ఒకప్పుడు కోబాల్ట్ గుడ్డిగా చేసిన పనిని ఇవి గురిచూసి చేస్తున్నాయి. అయితే సైరన్ వైర్లు కత్తిరించి మోగిస్తే ఊరంతా లేస్తుంది, మోటారు మనిషి ఒక్కడే కాదు. హిఫ్ లేపేది రక్తాన్ని ఒక్కదాన్నే కాదు. ఈ జాతి మందుల్లో కొన్నిటికి రక్తం గడ్డకట్టే ముప్పు గురించి గట్టి హెచ్చరికలు ఉన్నాయి. కణితులు పెరిగేటప్పుడు కూడా ఇదే హిఫ్‌ని వాడుకుంటాయి, వీహెచ్ఎల్ జన్యువు పుట్టుకతో చెడినవాళ్లకి మూత్రపిండాల్లో, ఇతర చోట్ల కణితులు రావడం అందుకే. ఎవరికి ఇవ్వాలో ఎంత ఇవ్వాలో డాక్టరు చూసుకోవాల్సిన పని.

లారీ బొమ్మ వేయడం మానేశానా అంటే, మానలేదు. పరీక్షలో అదే అడుగుతారు. కానీ దాని పక్కనే ఇప్పుడు ఇంకో బొమ్మ వేస్తున్నాను. ఒక బ్యాటరీ, ఒక హారన్, మధ్యలో రిలే. ఫిజిక్స్ మాస్టారు కిటికీలోంచి చూసి "ఇది నా పాఠం కదండీ" అన్నారు ఒకసారి.

పోయిన వారం మళ్లీ కరెంటు పోయింది, నాలుగు కాకముందే. ఈసారి సైరన్ బాగానే మోగింది. నేను వెళ్లేసరికి నాన్న జనరేటర్ తిప్పేసి, మీటరు తీగ నీళ్లలో వదిలి టార్చి వేసి చూస్తున్నాడు. 2.9. ఏరేటర్ రెక్కలు తిరిగే చోట నురగ తెల్లగా కనిపిస్తోంది, రొయ్యలు ఆ పక్కకే చేరుతున్నాయి.

"ఏరా, పొద్దున్న మేత ఆపమని చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను నాన్నా."

"సాయంత్రం కూడా సగమే వెయ్యమను," అని మీటరు తీగ చుట్టి భుజాన వేసుకున్నాడు.